సెల్ టవర్‌కు ఇంటి పన్ను: పుట్టుపూర్వోత్తరాలు

నెల్లూరు జిల్లా పశ్చిమ మెట్టలో ఆత్మకూరు పురపాలక సంఘం, ఉదయగిరి గ్రామ పంచాయతీ. ఒకే కంపెనీ ఒకే ఎత్తున ఈ రెండు ఊళ్లలోనూ సెల్ టవర్ నిలబెట్టినా, దానిమీద స్థానిక పన్ను వేయవచ్చా అన్నదానికి జవాబు ఒకే చట్టంలో దొరకదు. ఆత్మకూరుకు 1965 నాటి పురపాలక చట్టం, ఉదయగిరికి 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం వర్తిస్తాయి. ఈ తేడాకు మూలాలు మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో ఉన్నాయి.

ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలు అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోవే. 1884 నాటి మద్రాసు లోకల్ బోర్డుల చట్టం కొన్ని గ్రామాలను కలిపి యూనియన్లుగా చేసి, వాటికి ఇంటి పన్ను వేసే అధికారమిచ్చింది. వీధి దీపాలు, పారిశుద్ధ్యం, బాటల ఖర్చు ఆ ఊళ్లో ఇల్లున్నవారే భరించాలన్నది దాని ఉద్దేశం. మరుసటి ఏడాదే, 1885లో, భారత టెలిగ్రాఫ్ చట్టం వచ్చింది. ఎవరి భూమిలోనైనా స్తంభాలు పాతి తీగలు లాగే అధికారాన్ని అది టెలిగ్రాఫ్ శాఖకు ఇచ్చింది. ఆ భూమి మీద శాఖకు వాడుకునే హక్కే తప్ప యాజమాన్యం రాదు. తీగలూ స్తంభాలూ సర్కారువే కాబట్టి ఊరి పన్ను ప్రసక్తి రాలేదు. స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం 285వ అధికరణ ద్వారా కేంద్ర ప్రభుత్వ ఆస్తికి రాష్ట్ర, స్థానిక పన్నుల నుంచి మినహాయింపునిచ్చింది.

పన్ను వేసే అధికారం ఎవరిదన్నది మరో పాయ. 1935 భారత ప్రభుత్వ చట్టం భూములు, కట్టడాలతో పాటు పొయ్యిలు, కిటికీల మీద పన్నులను కూడా రాష్ట్రాలకు అప్పగించింది. రాజ్యాంగం పొయ్యిలను, కిటికీలను వదిలేసి, ‘భూములు, కట్టడాల మీద పన్నులు’ అంటూ రాష్ట్ర జాబితాలో 49వ అంశంగా చేర్చింది. తంతి తపాలా, టెలిఫోన్, వైర్‌లెస్ మాత్రం కేంద్ర జాబితాలో 31వ అంశం. ఫోన్లు సర్కారు చేతిలో ఉన్నన్నాళ్లూ ఈ రెండు అంశాలు ఢీకొనే అవసరం పడలేదు.

1994 జాతీయ టెలికాం విధానంతో ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరుచుకున్నాయి. 1995 జులై 31న దేశంలో తొలి మొబైల్ కాల్ మోగింది. 2000 అక్టోబరు 1న టెలికాం శాఖ సేవలు బీఎస్ఎన్ఎల్ అనే కంపెనీకి మారాయి. హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ కేసులో సుప్రీంకోర్టు అంతకు ముందే, 1999లో, ఒక సంగతి తేల్చింది: వాటాలన్నీ ప్రభుత్వానివే అయినా కంపెనీ వేరు, ప్రభుత్వం వేరు, 285వ అధికరణ రక్షణ కంపెనీకి దక్కదు. తర్వాత టవర్లు కట్టి ఫోన్ కంపెనీలకు అద్దెకిచ్చే సంస్థలు పుట్టుకొచ్చాయి. దాంతో పాత మినహాయింపుకు ఆధారం లేకుండా పోయింది.

వివాదం గుజరాత్‌లో ముదిరింది. అక్కడ 2011లో నగరపాలక చట్టాన్ని సవరించి మొబైల్ టవర్లపై ప్రత్యేకంగా పన్ను పెట్టారు. హైకోర్టు కొట్టేసింది. టవర్ కట్టడం కాదని, టెలికాం కేంద్రం పరిధిలోనిదని కంపెనీల వాదన. 2016 డిసెంబరు 16న అహ్మదాబాద్ నగరపాలక సంస్థ, జీటీఎల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసింది. 49వ అంశంలోని కట్టడం అన్న మాటను విశాలంగా చూడాలని, టవర్ అందులోకి వస్తుందని చెప్పింది. రాష్ట్రం పన్ను వేస్తున్నది కట్టడం మీదే తప్ప టెలికాం సేవ మీద కాదన్నది తీర్పు సారం.

ఆ తీర్పు చెప్పింది శాసనాధికారం గురించి. రాష్ట్రానికి అధికారం ఉన్నంత మాత్రాన పన్ను పుట్టదు. రాష్ట్ర చట్టంలో దానికి చోటుండాలి. ఆంధ్రప్రదేశ్‌లో తేడా ఇక్కడే వస్తుంది. పురపాలక చట్టం కట్టడం నిర్వచనంలో ఇల్లు, పాక, గోడలతో పాటు లోహంతో సహా దేనితో కట్టిన నిర్మాణాన్నయినా చేర్చింది. ఆత్మకూరులో ఇనుప టవర్ ఆ మాటల్లో ఇముడుతుంది. పంచాయతీరాజ్ చట్టం మాత్రం పాత ఇంటి పన్నునే కొనసాగించింది. అందులో ఇల్లంటే మనుషులు ఉండటానికి పనికొచ్చే, బాట నుంచి వేరే ప్రధాన ద్వారం ఉన్న కట్టడం. దుకాణం, గోదాము, కోళ్ల షెడ్డు కూడా ఆ లెక్కలోకి వస్తాయి. తలుపూ గదీ లేని టవర్‌ను ఉదయగిరిలో ఇల్లనడం అంత తేలిక కాదు.

లెక్క కట్టడంలోనూ చిక్కుంది. వార్షిక అద్దె విలువ పట్టుకుంటే, స్థలం యజమానికి వచ్చే అద్దెనా, టవర్ సంస్థకు ఫోన్ కంపెనీలు చెల్లించే అద్దెనా? 2020 సవరణతో రాష్ట్ర పురపాలక సంఘాలు మూలధన విలువ పద్ధతికి మారాయి. ఆ పద్ధతిలో టవర్ ఇనుము ఎంత వరకు కట్టడం, పక్కనున్న జనరేటర్, రేడియో పరికరాలు ఎంత వరకు యంత్రాలు అన్నది తేల్చాలి.

పన్ను ఉండాలనేవారు, ఊరి బాటలూ డ్రైనేజీ వాడుకునే ప్రతి వ్యాపారంలాగే టవర్ సంస్థా చెల్లించాలంటారు. పన్ను లేని లోటును అనుమతి రుసుము తీర్చదు: 2016 నవంబరు నాటి రైట్ ఆఫ్ వే (దారి హక్కు) నిబంధనలు టవర్ దరఖాస్తుకు ఒక్కసారి వసూలు చేసే రుసుమును 10,000 రూపాయలకు పరిమితం చేశాయి. వద్దనేవారిది మరో వాదన. మెట్ట పల్లెల్లో చందాదారులు తక్కువ, ఖర్చు ఎక్కువ. పన్ను తోడైతే కంపెనీలు అటు రావంటారు. ఇంగ్లండ్ మధ్యేమార్గం పట్టింది. అక్కడ టెలికాం ఆస్తులకు స్థానిక పన్ను ఉంది కానీ, 2018 చట్టంతో కొత్త ఫైబర్‌కు 2017 ఏప్రిల్ నుంచి అయిదేళ్ల మినహాయింపునిచ్చారు.

భారత పార్లమెంటు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో కొత్త నియమం పెట్టింది. 2024 జూన్ 26న అమల్లోకి వచ్చిన 14వ సెక్షన్ ప్రకారం, ఒక ఆస్తి మీద పెట్టిన టెలికాం నెట్‌వర్క్‌ను ఆస్తి పన్ను కోసం ఆ ఆస్తిలో భాగంగా లెక్కించకూడదు. మేడ మీద టవర్ ఉందని మేడ యజమాని పన్ను పెంచడానికి ఇక వీల్లేదు. టవర్‌ను విడి కట్టడంగా చూసి దాని సొంతదారుపై పన్ను వేయడాన్ని కూడా ఈ మాటలు అడ్డుకుంటాయా అన్నదానిపై రెండు రకాల వాదనలకు చోటుంది. 2024 నవంబరులో సెన్‌వాట్ క్రెడిట్ (కొన్న సరుకులపై ముందే కట్టిన పన్నును తగ్గించుకునే సదుపాయం) కేసులో సుప్రీంకోర్టు టవర్‌ను విప్పి తరలించగల సరుకుగా పరిగణించింది. అది ఎక్సైజ్, సేవా పన్నులకు చెందిన తీర్పు. 49వ అంశంపై 2016 తీర్పును అది తోసిపుచ్చలేదు. ఆత్మకూరులో పన్నుకు ఆధారం ఇప్పటికీ పురపాలక చట్టంలోని నిర్వచనమే. ఉదయగిరిలో సందేహం లేకుండా పన్ను పడాలంటే పంచాయతీరాజ్ చట్టంలో టవర్ ప్రస్తావన ఉండాలి; అప్పుడు కూడా ఆ మాట 14వ సెక్షన్ ముందు నిలవాలి.