కొల్లేరు ఎక్కడుంది? శాటిలైట్‌ని అడిగితే ఏం చెప్పింది?

2024 సెప్టెంబర్‌లో విజయవాడ సింగ్ నగర్ మునిగిపోయిన వీడియోలు మీ అందరి ఫోన్లలోకీ వచ్చే ఉంటాయి. అప్పుడు అందరి నోటా ఒకటే పేరు, బుడమేరు. వరదకి కారణాలు చాలానే ఉన్నాయి, ఈరోజు వాటిలోకి వెళ్లట్లేదు. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే. ఆ బుడమేరు నీళ్లు చివరికి ఎక్కడికి పోవాలి?

కొల్లేరుకి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఒక పెద్ద పళ్లెంలా ఉండే మంచినీటి సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ అందులోకే వస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే, అక్కడినుంచి సముద్రం.

సరే, మనం సాఫ్ట్‌వేర్ వాళ్లం కదా, లాప్‌టాప్ తీశాను. సెంటినెల్-2 అనే యూరప్ శాటిలైట్ ఫొటోలు ఫ్రీగా దొరుకుతాయి, ఒక్కో పిక్సెల్ నేల మీద 10 మీటర్లు. నీళ్లున్న పిక్సెల్స్ ఏవో లెక్కపెట్టమని చిన్న స్క్రిప్ట్ రాశాను. రిజల్ట్ చూసి భలే సంతోషపడ్డాను. కొల్లేరు ప్రాంతం అంతా నీళ్లే! వీడియో టైటిల్ కూడా అనేసుకున్నాను, 'కొల్లేరు సేఫ్' అని.

అప్‌లోడ్ చేయకపోవడం నా అదృష్టం. ఫొటో జూమ్ చేసి చూస్తే ఆ నీళ్లన్నీ చతురస్రాలుగా ఉన్నాయి. సరస్సుకి స్కేలు పెట్టి గీసినట్టు అంచులుంటాయా? అవి చేపల చెరువులు. నా స్క్రిప్ట్‌కి నీళ్లంటే నీళ్లే. అవి కొల్లేరువా, గట్టు కట్టి ఎవరో ఆపుకున్నవా అన్నది దానికి తెలీదు.

ఈ తేడాని మనకంటే చాలా ముందే పట్టుకున్నవాళ్లున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు మన ఐఆర్ఎస్-1డి శాటిలైట్ 2001లో తీసిన ఫొటోని తీసుకుని కొల్లేరుని లెక్కగట్టారు. 2004లో 'కరెంట్ సైన్స్' పత్రికలో అచ్చయింది. 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో 1050 చేపల చెరువులు, ఎండిపోయినవి ఇంకో 38. మొత్తం కలిపి దాదాపు 103 చదరపు కిలోమీటర్లు, అంటే 42 శాతం. ఇంకో 8.5 శాతం వ్యవసాయం. మిగిలినచోట గుర్రపుడెక్క, గడ్డి. అసలు సరస్సు నీళ్లు విడిగా ఎక్కడా కనిపించలేదన్నారు. అలాంటి ఫొటోల్లో మొక్కలు ఎర్రగా, నీళ్లు నల్లగా వస్తాయి. నల్లగా ఉన్నదాన్ని నీళ్లని వదిలేయకుండా దాని ఆకారం కూడా చూశారు కాబట్టే ఇది బయటపడింది.

మరి ఈ చెరువులు ఎలా వచ్చాయి? ఇక్కడే మనం తొందరపడి తిట్టకూడదు. 1970లలో ప్రభుత్వమే లంక గ్రామాల పేదల సొసైటీలకి భూమి ఇచ్చి, చేపలు పెంచుకోమంది. తర్వాత బయటినుంచి డబ్బున్నవాళ్లు వచ్చి లీజులు తీసుకున్నారు. సొంత సరస్సు గట్టు మీద కూలికి నిలబడ్డవాళ్లు మాత్రం అక్కడి మనుషులే.

1999లో +5 కాంటూర్ వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా, 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు కమిటీ ఆదేశాలతో 'ఆపరేషన్ కొల్లేరు' జరిగింది. ప్రొక్లెయిన్లు దిగాయి, కొన్నిచోట్ల గట్లని పేల్చేశారు కూడా. 2008లో అసెంబ్లీ ఆ గీతని +5 నుంచి +3కి తగ్గించాలని తీర్మానం చేసింది. లోపల జిరాయితీ భూములున్న రైతులు అప్పటికే పరిహారం కోసం తిరుగుతున్నారు.

ఐదడుగులా, మూడడుగులా... రెండడుగుల కోసం ఇంత గొడవ దేనికి అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ కొల్లేరు నేల పళ్లెంలా చదును. అక్కడ ఎత్తులో రెండడుగులు తగ్గితే, మ్యాప్ మీద గీత కిలోమీటర్ల కొద్దీ లోపలికి జరుగుతుంది. ఆ మధ్యలో ఊళ్లుంటాయి, పొలాలుంటాయి, ఎవరివో అప్పులుంటాయి.

పోనీ ఆ గీత మనమే గీద్దామని 2000లో స్పేస్ షటిల్ కొలిచిన ఎత్తుల డేటా డౌన్‌లోడ్ చేశాను. అది కూడా ఫ్రీయే. కానీ ఐదడుగులంటే మీటరున్నర. ఆ డేటాలో ఎత్తులు మీటర్ల చొప్పునే ఉంటాయి, పొరపాటు కూడా కొన్ని మీటర్ల దాకా ఉండొచ్చు. దాంతో గీసిన గీత పట్టుకుని ఒకరి చేను లోపలుంది, ఇంకొకరిది బయటుంది అనడం అన్యాయం. అక్కడ లెవెల్ యంత్రం భుజాన వేసుకుని బురదలో నడిచే సర్వేయరే కావాలి. శాటిలైట్ గట్టు ఎప్పుడు లేచిందో చెప్తుంది, గీత ఎక్కడుండాలో చెప్పలేదు.

ఇప్పుడు మీ వంతు. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో తెరిచి, కొల్లేటికోట అని కొట్టండి. పైన గడియారం గుర్తు నొక్కితే పాత ఫొటోల స్లైడర్ వస్తుంది. 2006కి ముందు ఒకటి, తర్వాత ఒకటి, ఈమధ్యది ఒకటి చూడండి. గట్లు తెగినచోట నేల మీద లేత గీతలు మిగిలుంటాయి. ఆ గీతల మీదే మళ్లీ గట్టు లేచిన చోట్లు దొరికితే స్క్రీన్‌షాట్, తేదీతో పాటు కామెంట్లో పెట్టండి. ఎవరి చెరువో పేర్లు మాత్రం రాయకండి, ప్లీజ్. స్క్రీన్‌షాట్లన్నీ వరసగా పేర్చి వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.