నగర అగ్నిమాపకంలో లోపలి దాడి: చరిత్ర

లోపలి దాడి అంటే మంటలు చెలరేగిన భవనంలోకి నీటి గొట్టంతో ప్రవేశించి, మండుతున్న వస్తువు మీదే నీరు పడేలా చేసే అగ్నిమాపక పద్ధతి. వీధిలో నిలబడి కిటికీల మీదికి నీరు చిమ్మే బయటి దాడికి బదులుగా పుట్టిన ఈ పద్ధతి బ్రిటన్, అమెరికా నగర దళాలలో క్రమంగా వృత్తి గౌరవానికి గీటురాయిగా కూడా స్థిరపడింది. తరువాతి కాలంలో దానిని సవరించడం కష్టం కావడానికి ఈ గౌరవమే ప్రధాన కారణం.

బ్రిటన్‌లో మంటలార్పే పని చాలాకాలం బీమా కంపెనీలు పోషించే దళాల చేతిలో ఉండేది. 1824లో ఎడింబరో నగరం సొంత దళాన్ని ఏర్పరచి, భవన నిర్మాణం తెలిసిన జేమ్స్ బ్రెయిడ్‌వుడ్‌ను 24 ఏళ్ల వయసులోనే దాని అధిపతిగా నియమించింది. ఆయన పలకల కప్పులు వేసేవారిని, వడ్రంగులను, తాపీ పనివారిని ఏరికోరి చేర్చుకున్నాడు. ఏ దూలం బరువు మోస్తుందో, ఏ గోడ ఒరుగుతుందో వారికి వేరే చెప్పనక్కరలేదు. చీకటికి అలవాటు పడేలా వారికి తెల్లవారుజామున సాధన చేయించేవాడు. దూరం నుంచి చిమ్మిన నీరు చాలావరకు గోడల పాలవుతుందని, పొగ నిండిన గదిలోనూ నేలకు దగ్గరగా కాస్త మంచి గాలి మిగిలి ఉంటుంది కనుక పాకుతూ మంట దాకా చేరవచ్చని వాదించి, ఆ అనుభవాన్ని 1830లో పుస్తకంగా ప్రకటించాడు. ఎవరూ ఒంటరిగా లోపలికి వెళ్లకూడదన్న నియమం కూడా ఆయన కాలానిదే.

1833లో లండన్ బీమా దళాలు ఒక్కటైనప్పుడు బ్రెయిడ్‌వుడ్ వాటికి నాయకుడయ్యాడు. 1861 జూన్ 22న టూలీ వీధి గిడ్డంగులలో జనుము, పత్తి, కొవ్వు అంటుకుని మండుతుండగా, అలసిన తన మనుషులను చూసుకుంటున్న ఆయన మీద గోడ కూలడంతో మరణించాడు. లోపలి దాడికి ఆద్యుడైన వ్యక్తి ప్రాణం భవనం బయటే పోయింది. గోడ ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరం వరకు ఎవరినీ నిలవనీయకూడదని నేటి దళాలు పాటించే లెక్క ఇలాంటి ప్రమాదాల నుంచే పుట్టింది.

అమెరికాలో చర్చ నీటిని ఏ రూపంలో చిమ్మాలన్న దాని చుట్టూ నడిచింది. పార్కర్స్‌బర్గ్ దళాధిపతి లాయిడ్ లేమన్ 1950లో మెంఫిస్‌లో చేసిన ప్రసంగంలో, మూసి ఉన్న వేడి గదిలోకి నీటిని సన్నని తుంపరగా పంపితే చాలునని ప్రతిపాదించాడు. మరిగిన లీటరు నీరు దాదాపు 1,700 లీటర్ల ఆవిరిగా మారుతూ వేడిని లాగేసి, గదిలోని ప్రాణవాయువును పక్కకు నెడుతుంది. లెక్క తప్పు కాదు. అయితే లేమన్ ఈ పద్ధతిని మనుషులు లేని మూసిన గదుల కోసం ఉద్దేశించగా, దళాలు తుంపర నాజిల్‌ను పట్టుకుని తామే ఆ గదులలోకి దూరాయి. అదే ఆవిరి వారినీ, లోపల చిక్కుకున్నవారినీ ఉడికించింది. 1990లలో న్యూయార్క్ అగ్నిమాపకుడు ఆండ్రూ ఫ్రెడరిక్స్ సూటిగా, గట్టిగా పడే ధారే మేలని వరుస వ్యాసాలలో వాదించి ఎందరినో ఒప్పించాడు. 2001 సెప్టెంబర్ 11న ప్రాణాలు కోల్పోయిన 343 మంది న్యూయార్క్ దళ సభ్యులలో ఆయన ఒకరు.

భద్రతా నియమాలు మరణాల వెనుకే వచ్చాయి. లోపల ఇద్దరుంటే బయట మరో ఇద్దరు సిద్ధంగా ఉండాలన్న అమెరికా నిబంధన 1998లో అమల్లోకి వచ్చింది. ఆ మరుసటి ఏడాది, 1999 డిసెంబర్ 3న, అమెరికాలోని వూస్టర్ నగరంలో కిటికీలు దాదాపు లేని ఆరంతస్తుల పాత కోల్డ్ స్టోరేజీలో నిలువ నీడలేని ఇద్దరున్నారన్న సమాచారంతో అగ్నిమాపకులు లోపలికి వెళ్లారు. గోడలకు వేసిన కార్క్ బెరడు, ప్లాస్టిక్ నురగ మండి పొగ కమ్ముకోగా ఇద్దరు దారి తప్పారు. వారి కోసం వెళ్లిన మరో నలుగురు కూడా తిరిగి రాలేదు. ఎవరి కోసం వెతకబోయారో ఆ ఇద్దరు నిరాశ్రయులు అప్పటికే బయటపడ్డారు. చివరికి ఘటనాస్థలంలోని అధికారి గుమ్మానికి అడ్డుగా నిలిచి మిగిలినవారిని ఆపవలసి వచ్చింది. రక్షించదగిన ప్రాణం కోసమే పెద్ద ప్రమాదానికి సిద్ధపడాలని, పోయిన ఆస్తి కోసం ఏ ప్రమాదమూ కొనితెచ్చుకోరాదని ఫీనిక్స్ దళాధిపతి అలన్ బ్రూనాసిని అప్పటికే బోధిస్తున్నా, సహచరుడు లోపల ఉన్నాడని తెలిసినప్పుడు ఆ సూత్రాన్ని పాటించడం ఎంత కఠినమో ఈ ఘటన చూపింది.

మంట స్వభావమే మారిందని ప్రయోగాలు తేల్చాయి. గదిలోని వస్తువులన్నీ దాదాపు ఒక్కసారిగా అంటుకునే స్థితిని ఫ్లాష్ఓవర్ అంటారు. పాతకాలపు చెక్క, నూలు సామాను గదిలో దానికి అరగంట దాకా పడితే, నురగ పరుపులు, కృత్రిమ దారపు సోఫాలున్న గదిలో 4 నిమిషాల లోపే వచ్చింది. ఇలాంటి మంట త్వరగా గాలి చాలక కునికి, తలుపు తెరిచిన మరుక్షణం విజృంభిస్తుంది. అందువల్ల పొగ పోవడానికి కిటికీ పగలగొట్టే పాత అలవాటుతో పాటు, లోపలికి వెళ్లడానికి తలుపు తెరవడం కూడా మంటకు గాలి అందించడమేనని గుర్తించవలసి వచ్చింది. 2012లో న్యూయార్క్ గవర్నర్స్ ద్వీపంలో ఖాళీ ఇళ్లను తగలబెట్టి చేసిన పరీక్షల తరువాత, ముందుగా బయటి నుంచి కిటికీ గుండా కొద్దిసేపు సూటి ధార కొట్టి, వెంటనే లోపలికి వెళ్లే పద్ధతి బలపడింది. బయటి నీరు మంటను బాధితుల మీదికి నెడుతుందన్న తరాల నమ్మకానికి ఇది విరుద్ధం కావడంతో, కొన్ని దళాలలో దీనిని పిరికితనంగా ఎంచినవారూ ఉన్నారు.

మసిబారిన హెల్మెట్, కాలిన కోటు అనుభవానికి చిహ్నాలుగా చెల్లుబాటయ్యే అదే సంస్కృతికి మరో దెబ్బ వైద్యశాస్త్రం నుంచి తగిలింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో అగ్నిమాపక వృత్తిని మానవులలో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన మొదటి వర్గంలో చేర్చింది. దానితో ఘటనాస్థలంలోనే దుస్తులను కడగడం, తల ముసుగులను మార్చుకోవడం, మసి కోట్లను పడక గదులకు దూరంగా ఉంచడం పలు నగర దళాల నియమావళిలోకి ఎక్కాయి.