కణాలకు ఊతమిచ్చే పాలిమర్ గుళికలు: కుక్కకాటు టీకా నుండి కణజాల నిర్మాణం వరకు

ప్రయోగశాలలో జీవకణాలను పెంచుటకు ఆధారంగా ఉపయోగించే అతి సన్నని పాలిమర్ గుళికలను సూక్ష్మవాహకాలు అంటారు. ఇవి సాధారణంగా 100 నుండి 300 మైక్రాన్ల వ్యాసం కలిగి ఉంటాయి. అంటే చూపుకు సన్నని ఇసుక రేణువుల వంటివి. డెక్స్‌ట్రాన్, జెలటిన్, పాలిస్టైరీన్ మొదలైన పదార్థాలతో వీటిని తయారు చేస్తారు.

గుళికల అవసరం

రక్తకణాలు ద్రవంలో తేలుతూ జీవించగలవు. చర్మం, మూత్రపిండం వంటి అవయవాల కణాలలో అధికభాగం దేనినైనా అంటిపెట్టుకొంటే తప్ప వృద్ధి చెందవు. సీసా అడుగున అవి ఒకే వరుసగా పరచుకొని, చోటు నిండగానే పెరుగుదల ఆపివేస్తాయి. కనుక కణాలు ఎక్కువగా కావాలంటే సీసాలూ ఎక్కువగానే కావలసి వచ్చేది.

ఈ చిక్కుకు 1967లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు ఆంటన్ వాన్ వేజెల్ పరిష్కారం చూపాడు. పోషకద్రవంలో డెక్స్‌ట్రాన్ గుళికలను కలిపి, మెల్లగా కలియబెడుతూ ఉంటే, పందిరి దొరికిన తీగల వలె కణాలు వాటిని పట్టుకొని పెరిగాయి. సైటోడెక్స్ 1 అనే రకపు గుళికలు ఒక గ్రాము తీసుకొంటే వాటి మొత్తం ఉపరితలం సుమారు 4,400 చదరపు సెంటీమీటర్లు. 75 చదరపు సెంటీమీటర్ల సీసాలైతే ఇంత స్థలానికి దాదాపు 59 కావాలి.

కుక్కకాటు టీకా

మన పల్లెలకు ఈ విజ్ఞానం చేరిన ముఖ్యమార్గం టీకా. 1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన పాత మందును గొర్రె మెదడు నుండి తీసేవారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అన్న భయం ఆ మందు నాటిదే. కొందరిలో అది నాడీమండలానికి హాని కూడా కలిగించేది. 2004 డిసెంబరులో భారతదేశంలో దాని ఉత్పత్తిని నిలిపివేశారు.

నేటి టీకాలలో పలు రకాలకు మూలం వెరో కణాలు. వీటిని 1962లో జపాను శాస్త్రజ్ఞులు ఆఫ్రికా ఆకుపచ్చ కోతి మూత్రపిండం నుండి వేరుచేశారు. 1980లలో ఫ్రాన్సులోని మేరియు సంస్థ వీటిని గుళికలపై పెద్ద పాత్రలలో పెంచి రేబీస్ టీకా చేసింది. గుళికలపై కణాలు నిండిన తరువాత వైరస్‌ను ప్రవేశపెడతారు. వైరస్ వృద్ధి చెంది ద్రవంలోకి వస్తుంది. ఆ ద్రవాన్ని వేరుచేసి, శుద్ధిచేసి, వైరస్‌ను నిర్జీవం చేస్తారు. వెరో టీకాలన్నీ గుళికలపైనే తయారవుతాయని కాదు. సీసాల పద్ధతి కూడా ఉంది. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ వారి అభయ్‌రాబ్ కూడా వెరో కణాల టీకాయే.

కణజాల నిర్మాణం

దెబ్బతిన్న ఎముక, మృదులాస్థి, చర్మం వంటి వాటిని తిరిగి నిర్మించే ప్రయత్నాలలోనూ ఈ గుళికలు ఉపయోగపడుతున్నాయి. లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాల నుండి చేసిన పాలిమర్ శరీరంలో క్రమంగా కరిగిపోతుంది. కరిగే కుట్టుదారాలలో వాడేది ఈ జాతి పదార్థమే. అట్టి గుళికలపై కణాలను పెంచి గాయమున్న చోట ఉంచితే, కణాలు నిలదొక్కుకొనే కొద్దీ ఆధారం తొలగిపోవాలన్నది ఆశయం. ఇందులో అధికభాగం ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

ఆధారం గుళికయే కానక్కరలేదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో 2001 నుండి, గర్భస్థ శిశువును చుట్టి ఉండే పలుచని పొరపై కంటి అంచు మూలకణాలను పెంచి, రసాయనాలతో కాలిన కళ్లకు అమర్చారు.

కుటుంబాలు గుర్తుంచుకోవలసినవి

కుక్క కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి పూయరాదు. తిరుత్తణి, తిరువళ్లూరు ప్రభుత్వాసుపత్రులలో తమిళంలో వెరినాయ్‌కడి తడుప్పూసి అని అడిగితే చాలు. ఇప్పుడు సూదిమందు బొడ్డు వద్ద కాదు, భుజానికి. చర్మంలో వేసే పద్ధతిలో 0, 3, 7, 28వ రోజులలో వేస్తారు. రక్తం కారే గాయమైతే టీకాతోబాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. వ్యాధి లక్షణాలు కనిపించిన తరువాత రేబీస్ దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమే. కనుక గాయం చిన్నదని గాని, పాత సూదుల భయంతో గాని ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు.