మంచం కింది శ్రోత: ‘దిద్దుబాటు’ నుంచి ‘మాయ’ వరకు తెలుగు కథలో వ్యంగ్యం, పూర్వసూచన, కొసమెరుపు

1. ప్రవేశిక

తెలుగు కథానిక విమర్శలో ‘కొసమెరుపు’ అనే మాటకు దక్కిన గౌరవం అంతంతమాత్రమే. పాఠకులు ఇష్టపడతారు గనుక పత్రికలు దానిని ఆదరించాయి. చివరి వాక్యం కోసం కథంతా నడిపించే గారడీ అని విమర్శకులు దానిని కొంత చిన్నచూపు చూశారు. ఓ హెన్రీ, మొపాసా పేర్లు చెప్పి, తెలుగు కథకులు దీనిని అక్కడి నుంచే తెచ్చుకున్నారని సరిపెట్టడమూ అలవాటైంది. పాశ్చాత్య కథ ప్రభావాన్ని కాదనవలసిన పని లేదు. అయితే తెలుగు కథ తొలి దశలోనే ప్రసిద్ధికెక్కిన ఒక కొసమెరుపును దగ్గరగా పరిశీలిస్తే, దాని మూలాలు కథాప్రక్రియలో కంటే రంగస్థలం మీద ఎక్కువగా కనిపిస్తాయి. ఆ కథ గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’. 1910 ఫిబ్రవరి ‘ఆంధ్రభారతి’ సంచికలో వెలువడింది. తొలి తెలుగు కథ ఏది అన్న వివాదం ఈ వ్యాసానికి అవసరం లేదు. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902 నాటిదని గుర్తుంచుకుంటే చాలు.

పరిభాష గురించి ఒక మాట. ఆలంకారికుల దృష్టిలో వ్యంగ్యం అంటే వ్యంజనావృత్తి వల్ల స్ఫురించే అర్థం. నేటి వాడుకలో అది ఎత్తిపొడుపుకు, విధి ఆడే వికట నాటకానికి కూడా పేరయింది. ఇక్కడ ‘వ్యంగ్యం’ అన్నది పాత్ర అనుకుంటున్నదానికి, జరుగుతున్నదానికి మధ్య ఉండే ఎడాన్ని సూచిస్తుంది. జరగబోయేదాన్ని ముందే లీలగా తెలిపేది పూర్వసూచన. తెలిసినదంతా చివర్లో ఒక్కసారి కొత్త అర్థంలోకి తిరగడం కొసమెరుపు.

2. నాటకం ఇచ్చిన వారసత్వం

పాత్ర ఒక ఉద్దేశంతో పలికిన మాట మరొక అర్థంలో నిజం కావడం సంస్కృత రూపకాలకు కొత్త కాదు. భరతుడు నాట్యశాస్త్రంలో పతాకాస్థానకాన్ని నాలుగు విధాలుగా చెప్పాడు. ధనంజయుడు దశరూపకంలో చెప్పిన వీథ్యంగాలలో ‘గండం’ ఒకటి. ప్రస్తుతం నడుస్తున్న మాటకు సంబంధం లేని మరో మాట హఠాత్తుగా వచ్చి దానికి అతుక్కోవడం దీని స్వభావం. ఉత్తరరామచరితం ప్రథమాంకం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. సీత విషయంలో తనకు సహింపరానిది ఏదైనా ఉంటే అది ఆమె వియోగమేనని రాముడు అనుకుంటున్న క్షణంలోనే, వచ్చి ఉన్నాడని ప్రతీహారి విన్నవిస్తుంది. ఆమె చెప్పింది దుర్ముఖుడి రాక గురించి. ప్రేక్షకుడి చెవిలో మాత్రం వచ్చి నిలిచింది వియోగమే. రామాయణ కథ ఎరిగినవాడు గనుక అతడు రాముడి కంటే ముందే ఉలిక్కిపడతాడు.

ఈ ప్రయోగానికి ప్రాణం ప్రేక్షకుడి జ్ఞానం. పాత్రకు తెలియనిది అతడికి తెలుసు. ‘కన్యాశుల్కం’ ప్రథమాంకంలో మధురవాణి ఇంట జరిగే ప్రహసనమూ ఇదే సూత్రం మీద నడుస్తుంది. రామప్పంతులు మంచం కింద దాక్కుంటాడు. తరువాత పూటకూళ్లమ్మ రాకతో గిరీశమూ అదే మంచం కిందికి దూరతాడు. ఎవరు ఎక్కడ ఉన్నారో ప్రేక్షకులకు కళ్లెదుటే ఉంది. అందుకే చీపురుకట్ట లేవకముందే హాలు నవ్వుతుంది.

1892లో తొలిసారి ప్రదర్శితమైన ఆ నాటకాన్ని గురజాడ పెంచి, తిరగరాసి 1909లో రెండో కూర్పుగా వెలువరించాడు. ‘దిద్దుబాటు’ ఆ మరుసటి ఏడాదిదే. ఈ కథలోనూ ఒక మంచం ఉంది, దాని కింద ఒక మనిషి ఉంది. రచయిత దానిని పాఠకుడికి చెప్పలేదు. నాటకం నుంచి కథకు వచ్చేసరికి మారినది ఈ ఒక్కటే, కానీ ఈ మార్పు చిన్నది కాదు.

3. ‘దిద్దుబాటు’లో రెండో శ్రోత

అర్ధరాత్రి దాటాక గోపాలరావు ఇంటికి వస్తాడు. తలుపు తీయమని పిలుస్తాడు. లోపలి నుంచి జవాబు లేదు. తోస్తే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. అగ్గిపుల్ల వెలుగులో మంచం ఖాళీగా కనిపిస్తుంది. పాఠకుడి చూపు కూడా ఆ వెలుగు పడినంత మేరకే ఆగుతుంది. గడియ వేయని తలుపు, వెలగని దీపం, గదిలో వదిలిన ఉత్తరం అన్నీ వెళ్లిపోయిన మనిషికి గుర్తులుగానే తోస్తాయి. కథ ముగిశాక వెనక్కి చూస్తే, అవన్నీ భర్త కోసం ఎదురుచూస్తున్న మనిషి అమర్చిన వస్తువులు. మంచి పూర్వసూచన లక్షణం ఇది. మొదటి చదువులో అది తన ఉనికిని చాటుకోదు, రెండో చదువులో దాక్కోదు.

వ్యంగ్యం ఇంతకంటే లోతైనది. గోపాలరావు సంస్కర్త. సానుల మేజువాణీలను ఖండించిన తరానికి చెందినవాడు. మద్రాసులోని హిందూ సంఘ సంస్కరణ సమాజం 1893లోనే వైస్రాయికి, గవర్నరుకు వాటిని నిరసిస్తూ విన్నపాలు సమర్పించింది. వీరేశలింగం ఆ ఉద్యమాన్ని తెలుగు నేలపై నడిపాడు. ఆ వాతావరణంలో చదువుకుని, భార్యకు చదువు చెప్పించి, మీటింగుల పేరుతో సానిపాటకు వెళ్లొచ్చిన వ్యక్తి గోపాలరావు. ఆడవాళ్లకు చదువు నేర్పితే ఇలాగే అవుతుందన్నట్టు సేవకుడు రాముడు మాట్లాడితే అతడికి కోపం వస్తుంది. శివుడు పార్వతికి సగం దేహమిచ్చిన సంగతి, ఇంగ్లీషువాడు భార్యను తనకంటే మేలైన సగమన్న సంగతి చెప్పి, విద్య నేర్చిన స్త్రీని ఆకాశానికెత్తుతాడు. ఆ విద్యతోనే కమలిని రాసిన ఉత్తరం అతడి చేతిలో ఉంది. తన ఉపన్యాసానికి తానే ప్రతివాదిగా నిలిచానని అతడికి తెలియదు. పక్కనున్న రాముడి వీపు మీద అతడు వేసిన గుద్దుల గురించి విమర్శలో పెద్దగా చర్చ జరగలేదు. సంస్కారం ఇంట్లో ఎక్కడి దాకా వచ్చి ఆగిందో చెప్పడానికి ఆ గుద్దులూ సాక్ష్యమే.

ఉత్తరంలోనూ వ్యంగ్యం రెండు అంచుల కత్తి. ప్రేమ పిలుపు ఉండవలసిన చోట మర్యాద పిలుపు చేరడాన్ని గోపాలరావే మొదట పసిగడతాడు. తాను ఇంట్లో ఉండటం వల్లనే భర్త అబద్ధం ఆడవలసి వస్తున్నదని, ఆ అసత్యానికి తాను కారణం కాకూడదని కమలిని రాస్తుంది. నేరాన్ని తన మీద వేసుకున్నట్టు కనిపించే ఆ వినయంలోనే అభియోగం ఉంది. పతివ్రతాధర్మపు భాషలో భర్త మీద తీర్పు రాయడం ఆ కాలపు స్త్రీ పాత్రకు అంత సులువుగా దొరికే పని కాదు.

ఇక కొసమెరుపు. పంతులుకు బుద్ధి వచ్చిందని, ఇకపై సానిపాట వినడని, రాత్రిళ్లు ఇల్లు కదలడని చంద్రవరంలోని పుట్టింటికి వెళ్లి చెప్పమని రాముడికి పాఠం నేర్పుతుండగా, మంచం కింద నుంచి కమలిని నవ్వు వినిపిస్తుంది. చంద్రవరం చేరవలసిన సందేశం గది దాటకుండానే చేరవలసినవారికి చేరింది. అప్పటివరకు ఇద్దరి మధ్య నడిచిన సంభాషణకు మూడో మనిషి ఉన్నట్టు తేలుతుంది. స్త్రీవిద్య మీద పొగడ్త, పశ్చాత్తాపం, ప్రతిజ్ఞ అన్నీ ఆమె విన్నది. విననట్టు కనిపించిన చోటే ఆమె విన్నది గనుక ఆ మాటలకు సాక్ష్యపు విలువ వచ్చింది. ఎదుట ఉన్న భార్యతో చెప్పి ఉంటే అవి బుజ్జగింపుగా మిగిలేవి.

మొపాసా ‘నెక్లెస్’ (1884)తో పోల్చితే తేడా స్పష్టమవుతుంది. అక్కడా పూర్వసూచనలున్నాయి. స్నేహితురాలు నగను ఏమాత్రం సంకోచం లేకుండా ఇస్తుంది. పెట్టె మీద పేరున్న వర్తకుడు తాను పెట్టె మాత్రమే అమ్మానంటాడు. తిరిగి ఇచ్చినప్పుడు ఆమె పెట్టె తెరిచైనా చూడదు. 18,000 ఫ్రాంకుల అప్పు, 10 ఏళ్ల చాకిరీ తరువాత, పోయిన నగ మహా అయితే 500 ఫ్రాంకుల నకిలీ అని తెలుస్తుంది. ఆ నిజం ఎవరికీ పనికిరానంత ఆలస్యంగా వచ్చింది. గురజాడ కథలో నిజం అదే రాత్రి, దిద్దుకోవడానికి వీలున్న గడియలోనే వస్తుంది. మొపాసా మలుపు శిక్ష, గురజాడ మలుపు పరీక్ష.

అయితే ఈ వెసులుబాటుకు కథ కొంత మూల్యం చెల్లించింది. ఉత్తరంలోని అభియోగం బరువైనది. నవ్వు దానిని తేలిక చేసింది. గోపాలరావు శాశ్వతంగా ఏమీ కోల్పోలేదు. ఆ లోటు గురజాడకు తెలియదనలేము. ‘స్టూపింగ్ టు రైజ్’ పేరుతో ఆయన ఇంగ్లీషులో రాసిన కథను అవసరాల సూర్యారావు ‘సంస్కర్త హృదయం’గా తెలుగు చేశాడు. వేశ్యావృత్తిని వ్యతిరేకించే ప్రొఫెసర్ రంగనాథయ్యర్ అందులో సరళకు మనసిస్తాడు. ఇతివృత్తం దాదాపు అదే అయినా అతడిని ఒడ్డున పడేసే నవ్వు ఏ మంచం కింద నుంచీ వినిపించదు.

4. మలుపు తరువాతి అడుగు

1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’లో పూర్వసూచన పని తీరే వేరు. తుపాను వస్తుందన్న సంగతి పేరులోనే ఉంది. అసలు సూచన రావుగారి సూత్రాల వర్ణనలో ఉంది. ఆయన జీవితం నియమాల పట్టిక. బిచ్చం వేయడం ఆ నియమాలకు విరుద్ధం. ఇంత వివరంగా కట్టిన గోడ నిలవదని పాఠకుడు గ్రహిస్తాడు. అది ఏ వైపుకు కూలుతుందన్నదే తెలియదు. గాలివానలో చిక్కుకున్న స్టేషనులో ఆ బిచ్చగత్తె దేహపు వెచ్చదనమే ఆయనకు ఆసరా అవుతుంది. తెల్లవారాక శిథిలాల కింద ఆమె శవం. చేతుల్లో ఆయన పర్సు, స్టేషను డబ్బు.

సాధారణమైన కొసమెరుపు కథ ఇక్కడ ఆగుతుంది. ఆమె దొంగ అని తేలడమే దానికి చాలు. పద్మరాజు ఆగలేదు. రావుగారు స్టేషను డబ్బును సొరుగులో పెడతారు. పర్సును ఆమె నుంచి తీసుకోలేకపోతారు, అందులోని తన పేరున్న కార్డును మాత్రం తీసేసుకుంటారు. ఆయన దిద్దుబాటు ఎంతవరకు జరిగిందో ఆ కార్డు చెబుతుంది. కరుణ నిజమే. పరువు భయం కూడా నిజమే. గోపాలరావు విషయంలో నవ్వు దాటేసిన ఈ మెలికను రావుగారి విషయంలో కథ దాటనివ్వదు.

5. దాచనవసరం లేని కథ

గురజాడ నడిచిన విజయనగరంలోనే బతికిన చాగంటి సోమయాజులు ‘వాయులీనం’లో దాచిపెట్టినది దాదాపు ఏమీ లేదు. భార్య రాజ్యం జబ్బుకు వైద్యం కోసం వెంకటప్పయ్య ఆమె ఫిడేలు అమ్ముతాడు, మిగిలిన డబ్బుతో ఆమెకు చీర కొంటాడు. ప్రేమ కోసం ప్రియమైన వస్తువును అమ్ముకోవడం అనగానే ఓ హెన్రీ ‘ది గిఫ్ట్ ఆఫ్ ది మెజై’ (1905) గుర్తుకు రావడం సహజం. అక్కడ కథకుడు భార్య వెంటే ఉండి భర్త చేసిన పనిని దాచి, చివర్లో రెండు త్యాగాలను ఎదురెదురుగా నిలుపుతాడు. ఇక్కడ త్యాగం ఒక్కరిది, నిర్ణయం ఇంకొకరిది. వెంకటప్పయ్య చెడ్డవాడు కాడు. చీర అతడి ప్రేమే. ఆ ప్రేమ ఎంత నిజమో, ఫిడేలు విలువ దానికి అందకపోవడం అంత నిజం. ఈ రెండూ ఒకే వస్తువులో కలిసి ఉండటం వల్ల మెరుపు అక్కరలేకుండానే కథ గుచ్చుకుంటుంది.

రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ సంపుటిలోని ‘మాయ’కు వచ్చేసరికి మలుపు మీద ఆశ కూడా మిగలదు. సారా కేసు ఎలా నడుస్తుందో కోర్టు ఆవరణలో అందరికీ తెలుసు. తెలియనిది కొత్తగా వచ్చిన యువ ప్లీడరుకే. అతడికి లోకం చెప్పేది ముద్దాయి ముత్యాలమ్మ. కమలిని మంచం కింద ఉండి చదువుకున్న మగవాడి మాటలు విన్నది. ముత్యాలమ్మ ఎదురుగా నిలబడి చదువుకున్నవాడికి వినిపిస్తుంది. అతడు ఇచ్చుకోగల సమాధానం ఏదీ ఆమెకు కొత్త కాదు.