మూడు గీతల పరీక్ష

అమెరికాలోని కాలిఫోర్నియా, మొహావీ ఎడారి. ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం పరిసరాల్లో నేల మీద కాంక్రీటో తారో పరిచిన దీర్ఘచతురస్రాలు కొన్ని కనిపిస్తాయి. దాదాపు 78 అడుగుల పొడవు, 53 అడుగుల వెడల్పు. నల్లటి నేల మీద తెల్లటి పట్టీలు మూడేసి చొప్పున, పెద్దవాటి నుంచి చిన్నవాటికి దిగుతూ ఉంటాయి. దగ్గరికెళ్లి చూస్తే ఎవరో రోడ్డు మీద జీబ్రా గీతలు గీస్తూ మధ్యలో పని వదిలేసి వెళ్లినట్టుంటుంది. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో గీయించిన పరీక్ష పత్రాలవి. ఆకాశంలో ఎక్కడో పోయే విమానంలోని కెమెరా ఎంత సన్నటి పట్టీలను విడివిడిగా చూపగలదో వాటితో తేల్చేవాళ్లు.

కొత్త జూమ్ లెన్స్ కొన్న ఫోటోగ్రాఫర్ గోడకు చార్టు అంటించి చేసేదీ ఇదే పని. ఎడారి బదులు వసారా, అంతే.

ఆ మూడు గీతల చార్టు అమెరికా వైమానిక దళం 1951లో ఖరారు చేసినది. పేరు కూడా అదే, యూఎస్ఏఎఫ్ 1951. ప్రతి గీతా తన మందానికి అయిదు రెట్ల పొడవు ఉంటుంది. గుంపుకి ఆరు మెట్లు. మెట్టు దిగినకొద్దీ మిల్లీమీటరులో పట్టే గీతల జతలు సుమారు 12 శాతం పెరుగుతాయి, ఆరు మెట్లు దిగేసరికి రెట్టింపవుతాయి. మూడు గీతలూ ఎక్కడ కలిసిపోయి ఒక్క మరకలా కనిపిస్తాయో అక్కడికి లెన్స్ సత్తా అయిపోయినట్టు. ఒక్క అంకెలో తీర్పు! మామూలు లెన్స్‌కి ఇది బాగానే సరిపోయింది. జూమ్ దగ్గరికి వచ్చేసరికే పేచీ.

జూమ్ అవసరం ముందు టీవీ వాళ్లకు వచ్చింది. తొలినాళ్ల టీవీ కెమెరా ముఖాన తిరిగే పళ్లెం ఒకటి, దానికి మూడు నాలుగు లెన్సులు బిగించి ఉండేవి. దూరం నుంచి దగ్గరికి రావాలంటే పళ్లెం తిప్పాలి, తిప్పినప్పుడల్లా బొమ్మ తెగిపోతుంది. ఆటల ప్రసారంలో ఆ క్షణంలోనే వికెట్ పడితే ఇక చెప్పేదేముంది? 1940ల చివర్లో బీబీసీ ఈ తలనొప్పిని లండన్ ఇంపీరియల్ కాలేజీలోని హెరాల్డ్ హాప్కిన్స్‌కి అప్పజెప్పింది. తూర్పు లండన్ పేదవాడలో 1918లో పుట్టిన మనిషి. కంప్యూటర్లు అందుబాటులో లేని రోజులు కాబట్టి, గాజు బిళ్లల గుండా ఒక్కో కిరణం ఎటు వంగుతుందో మర్చంట్ కంపెనీ లెక్కల యంత్రాల మీద కట్టుకుంటూ పోవాల్సి వచ్చింది. అంతకుముందూ జూమ్‌లు లేకపోలేదు. 1932 నాటికే సినిమా కెమెరాలకు 40–120 మిల్లీమీటర్ల కుక్ వేరో లెన్స్ ఉంది. అయితే ఈ చివర నుంచి ఆ చివరదాకా బొమ్మ నాణ్యత చెడకుండా నిలబెట్టడంలో హాప్కిన్స్ లెన్స్ పాతవాటిని దాటిపోయింది.



ఫోటో కెమెరాల వంతు 1959లో వచ్చింది. వియన్నా నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన ఫ్రాంక్ బ్యాక్ రూపకల్పన చేసిన ఫోక్ట్‌లాండర్ జూమార్, 35 ఎంఎం స్టిల్ కెమెరాలకు వచ్చిన తొలి జూమ్. 36 నుంచి 82 మిల్లీమీటర్లు, లోపల 14 గాజు బిళ్లలు. నాలుగేళ్లకు, 1963లో, నికాన్ తన 43–86ను మార్కెట్లోకి దించింది. చిన్నది, చేతికి ఇమిడేది, బాగా అమ్ముడుపోయింది. పేరు మాత్రం అంత మంచిగా రాలేదు. 43 దగ్గర గోడ గీతలు పీపాలా ఉబ్బేవి, మూలలు మెత్తబడేవి. నికాన్ అభిమానులే పెదవి విరిచారు. 1970ల మధ్యలో కంపెనీ లోపలి బిళ్లలను తొమ్మిది నుంచి పదకొండుకు పెంచి మళ్లీ రూపొందించాల్సి వచ్చింది. అయినా మొదటి రకంతో తీసిన పెళ్లి ఫోటోలూ యాత్రల ఫోటోలూ ఎన్ని ఆల్బముల్లో హాయిగా కూర్చున్నాయో!

ఇబ్బంది జూమ్ పుట్టుకలోనే ఉంది. నిలకడ లెన్స్‌లో, అంటే ఫోటోగ్రాఫర్లు ప్రైమ్ అనేదానిలో, ఒక్క నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) చూసుకుంటే చాలు. జూమ్‌లో గాజు గుంపులు ఒకదాని వెంట ఒకటి జరుగుతూనే ఉంటాయి. ఒకచోట దిద్దిన తప్పు ఇంకోచోట తలెత్తుతుంది. వైడ్ చివర ఉబ్బిన గీతలే టెలీ చివర లోపలికి నొక్కుకుపోవచ్చు. జరిగే భాగాలు ఎక్కువ కాబట్టి ఒక బిళ్ల వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా ఫోటోలో ఒక పక్క మసకేస్తుంది. ఒకే పెట్టెలో వచ్చిన రెండు లెన్సులు ఒక్కలా ఉండకపోవడానికి ఇదే కారణం.

అమెరికా ప్రమాణాల సంస్థ, అప్పటి నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్, 1953లో ఫోటోగ్రాఫర్లు తామే చేసుకోగల పరీక్ష పద్ధతిని పుస్తకంగా వేసింది. చార్టును ఫిల్మ్ మీద 25వ వంతుకు తగ్గించి తీయాలి. అందుకు లెన్స్ నాభ్యంతరానికి 26 రెట్ల దూరంలో చార్టు ఉండాలి. 50 మిల్లీమీటర్ల దగ్గర అది 1.3 మీటర్లు. 70–200 జూమ్‌తో చేయాలంటే ఒక కొసన 1.8 మీటర్లు, ఇంకో కొసన 5.2 మీటర్లు. జూమ్ తిప్పినప్పుడల్లా ట్రైపాడ్ ఎత్తుకుని వెనక్కి నడవాల్సిందే.

అంతలో గీతల లెక్క మీదే అనుమానం పుట్టింది. ఒక లెన్స్ అతి సన్నటి గీతలనూ విడదీస్తుంది కానీ అన్నీ బూడిద రంగులో. మరొకటి అంత సన్నటివి చూపలేదు, చూపినవాటిని మాత్రం నలుపు తెలుపుల్లో కొట్టొచ్చినట్టు చూపుతుంది. మొదటిది చార్టులో నెగ్గుతుంది, ప్రింటు చూసినవాళ్లు రెండోదాన్ని పదునుగా ఉందంటారు. ఆర్‌సీఏ కంపెనీలో ఒటో షేడ్ 1948 నుంచే టీవీ బొమ్మల విషయంలో ఈ కాంట్రాస్ట్ లెక్కను ముందుకు తెచ్చాడు. ఫోకస్ తప్పితే ఏ మందం గీతల కాంట్రాస్ట్ ఎంత పడిపోతుందో 1955లో రాయల్ సొసైటీ పత్రికలో గణితంగా రాసింది ఎవరో కాదు, బీబీసీకి జూమ్ చేసిచ్చిన హాప్కిన్సే. జూమ్‌ను మెరుగుపరిచిన చెయ్యే దాని లోపాన్ని తూచే త్రాసునూ గట్టిపరచింది. ఏ మందం గీతలను లెన్స్ ఎంత కాంట్రాస్ట్‌తో చూపుతుందో తెలుపుతూ ఇవాళ కంపెనీలు లెన్స్‌తో పాటు అచ్చేసే ఎంటీఎఫ్ గ్రాఫ్ ఆ కుదురులోదే. జూమ్ అయితే వైడ్‌కి ఒకటి, టెలీకి ఒకటి, కనీసం రెండు గ్రాఫులు. మధ్యలో సంగతి కొన్నవాళ్లే తేల్చుకోవాలి.

కోడక్‌లో గ్రేంజర్, క్యూపరీ 1972లో ఈ కాంట్రాస్ట్ లెక్కను మనిషి కంటికి దగ్గర చేసి, ప్రింటు ఎంత పెద్దదైతే ఎంత పదునుగా అనిపిస్తుందో లెక్కగట్టే సూత్రం ఇచ్చారు. తర్వాత పాపులర్ ఫోటోగ్రఫీ పత్రిక ఆ సూత్రం మీదే లెన్సులకు బళ్లో మార్కుల్లా ఏ, బీ, సీ గ్రేడులు వేసింది.

యంత్రాలు లేని ఇంట్లో పాత పేపరే చార్టు. వసారా గోడకు దినపత్రిక పేజీలు నాలుగు, ముడతలు లేకుండా. మధ్యలో చిన్న అద్దం ఆనించి, వ్యూఫైండర్ నడిమధ్యన తన లెన్సే కనిపించేదాకా కెమెరాను సర్దితే గోడకు తిన్నగా ఉన్నట్టు. స్టెబిలైజేషన్ ఆపాలి, షట్టర్ రెండు సెకన్ల టైమర్ మీద పడాలి. జూమ్‌ను మూడు నాలుగు చోట్ల నిలిపి, ప్రతిచోటా అపర్చర్ పూర్తిగా తెరిచి ఒకటి, ఎఫ్8 దగ్గర ఒకటి. ఎఫ్16 దాటితే వివర్తనం వల్ల ఎంత మంచి లెన్సయినా మెత్తబడుతుంది కాబట్టి అక్కడ తీర్పు చెప్పకూడదు.

ఇందులో తెలుగు అక్షరానికి ఒక సౌకర్యం ఉంది. ‘థ’ పొట్టలో చుక్క ఉంటుంది, ‘ధ’లో ఉండదు. పేజీ మూలన ‘కథ’ అన్న మాట ‘కధ’లా కనిపించిందంటే ఆ మూల తప్పిందన్నమాట. నాలుగు మూలలూ సమానంగా మెత్తబడితే అది లెన్స్ తీరు, రెండు స్టాపులు మూస్తే చాలామటుకు సర్దుకుంటుంది. మూడు మూలల్లో చుక్క ఉండి నాలుగో మూలలో మాత్రం మాయమైతే, ముందు కెమెరా వంకర లేదని చూసుకుని ఇంకోసారి తీయాలి. అప్పుడూ అదే మూలన చుక్క లేకపోతే, బిల్లు వెతుక్కుని దుకాణానికి బయల్దేరాల్సిందే.