పంటు (బల్లకట్టు)

పంటు అనేది రెండు పడవలను పక్కపక్కన నిలిపి, వాటిపై అడ్డంగా దూలాలు బిగించి, ఆ దూలాలపై పలకలు గానీ ఇనుప రేకులు గానీ పరచి తయారుచేసే చదునైన జలవాహనం. మనుషులను, సైకిళ్ళను, మోటారు సైకిళ్ళను, ఆటోలను, కార్లను, పశువులను, కొబ్బరికాయల బస్తాలను నది దాటించడానికి దీనిని వాడతారు. ఆంధ్ర ప్రదేశ్‌లోని కోనసీమలో గోదావరి పాయల మీద పంటు ప్రయాణం తరతరాలుగా ఉన్నది. మలికిపురం, సఖినేటిపల్లి మండలాల ప్రజలకు వశిష్ఠ గోదావరిపై గల సఖినేటిపల్లి - నరసాపురం రేవు, గౌతమి ఒడ్డున ఉన్నవారికి కోటిపల్లి - ముక్తేశ్వరం రేవు పంటుకు పేరుపడినవి.

పేరు

పంటు అనే మాటకు ఇంగ్లీషులో అడుగు చదునుగా ఉండే పడవకు వాడే పంట్ అనే మాటతో పోలిక స్పష్టంగానే ఉన్నది. కృష్ణా తీరంలో ఇటువంటి వాహనాన్ని బల్లకట్టు అంటారు. బల్లలు కట్టినది కనుక ఆ పేరు సార్థకం. ఇంతకంటే పాత మాట సంగడి. తాటిమానును తొలిచి చేసిన రెండు దోనెలను జతగా కట్టి, మీద కర్రలు పరిస్తే అది సంగడి అవుతుంది. స్నేహానికి, జతకు కూడా తెలుగులో సంగడి అనే మాటే ఉండడం, స్నేహితుడిని సంగడీడు అనడం గమనించదగినది. పంటు నిర్మాణ సూత్రం కొత్తది కాదు, పెద్దదైన సంగడే పంటు.

భౌగోళిక నేపథ్యం

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. ఈ రెండింటికీ సముద్రానికీ మధ్యనున్న భూభాగమే కోనసీమ. వశిష్ఠ నుండి వేరుపడిన వైనతేయ ఈ భూభాగాన్ని మళ్ళీ రెండుగా చేస్తుంది. మలికిపురం, రాజోలు, సఖినేటిపల్లి ప్రాంతం వశిష్ఠ, వైనతేయల నడుమ చిక్కుకొని ఉండడంతో ఇక్కడివారు ఎటు వెళ్ళాలన్నా ఏదో ఒక పాయను దాటవలసిందే. 2022లో కోనసీమ జిల్లా ఏర్పడక ముందు ఇది తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఎదుటి ఒడ్డునున్న నరసాపురం మాత్రం పశ్చిమ గోదావరి జిల్లా. ప్రభుత్వ కార్యాలయాలు ఒక జిల్లాలో, దగ్గరి పట్టణం మరొక జిల్లాలో ఉండడం వలన రేవుకు రద్దీ ఎక్కువ.

నిర్మాణం

పంటును పెద్ద కర్మాగారాలలో కాక, నది ఒడ్డునే పడవలు కట్టే వడ్రంగులు, వెల్డింగు పనివారు తయారుచేస్తూ వచ్చారు. కాగితంపై గీసిన నమూనాల కంటే అనుభవానికే ఇందులో ప్రాధాన్యం.

మొదట ఒకే పొడవు, ఒకే లోతు గల రెండు పడవలను ఎంచుకుంటారు. లోతులో తేడా ఉంటే ఒకటి ఎక్కువగా మునిగి, పైనున్న బల్ల ఒకవైపునకు వాలుతుంది. చెక్క పడవలైతే పలకల సందులలో పీచు కూరి, గుగ్గిలం, నూనె కలిపిన ముద్దతో పూడ్చి, అడుగున తారు పూస్తారు. పడవల మధ్య కొంత ఎడం విడిచిపెడతారు. పంటు స్థిరత్వానికి మూలం ఈ ఎడమే. పడవలు దూరమయ్యేకొద్దీ పంటు పక్కకు ఒరగడం తగ్గుతుంది, కాని వాటిని కలిపే దూలాలపై ఒత్తిడి పెరుగుతుంది. అందువలన దూలాలు బలమైన కలపవై ఉండాలి. వీటిని పడవల అంచులకు మేకులతో కాక బోల్టులతో బిగిస్తారు. అలలకు రెండు పడవలూ వేర్వేరుగా ఊగుతాయి కనుక మేకులు త్వరగా వదులవుతాయి.

దూలాలపై పరిచే బల్లలోనే పనివాని నేర్పు తెలుస్తుంది. పలకలను పూర్తిగా అంటించి కొట్టరు. మధ్యన సన్నని సందు ఉంచితే వాన నీరు, అలల నీరు కిందికి జారిపోతుంది. తడిసిన కలప ఉబ్బినా పలకలు పైకి లేవవు. అయితే సందు మరీ వెడల్పైతే సైకిలు చక్రం, పశువుల గిట్టలు ఇరుక్కుంటాయి. తడి పలక మీద కాలు జారకుండా వాహనాలు ఎక్కే చోట అడ్డంగా సన్నని బద్దలు కొడతారు. ఇనుప పంటులలో ఈ పని కోసం ఉబ్బెత్తు గీతలున్న రేకును వాడతారు. నున్నని రేకు చవకే అయినా తడిసినప్పుడు, బురద టైర్లు ఎక్కినప్పుడు అది ప్రమాదకరం. మేకుల తలలు పలకలోనికి దిగేటట్లు కొట్టకపోతే టైర్లకు, వట్టి కాళ్ళకు కూడా ఇబ్బందే.

పంటు రెండు పక్కలా కమ్మీలు ఉంటాయి. ముందు, వెనుక వాహనాలు ఎక్కి దిగడానికి వీలుగా కమ్మీలు ఉండవు, వాటి స్థానంలో గొలుసు గానీ అడ్డకర్ర గానీ కడతారు. ఒడ్డుకూ పంటుకూ మధ్య వేసే ఏటవాలు బల్ల మరొక ముఖ్య భాగం. నరసాపురం వద్ద వశిష్ఠకు సముద్రపు పోటుపాటుల ప్రభావం ఉన్నది. నీరు పెరిగినప్పుడు చదునుగా ఉండే ఈ బల్ల, నీరు తీసినప్పుడు నిటారుగా మారుతుంది. అందుచేత దానిని కదలకుండా బిగించక, జరుపుకోవడానికి వీలుగా ఉంచుతారు.

వరదల్లో లంక గ్రామాలవారు ఇదే సూత్రంతో అరటి బోదెలను వెదురుతో గుచ్చి, పైన తడిక పరచి తెప్ప చేసుకుంటారు. అది కొద్ది రోజుల అవసరానికే.

మోసే బరువు

నీటిలో తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని తొలగిస్తుంది. ఉదాహరణకు 10 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గల, అడుగు చదునైన రెండు పడవలతో చేసిన పంటును తీసుకుంటే, అది 10 సెంటీమీటర్లు అదనంగా మునగడానికి 4 టన్నుల బరువు కావాలి. ఒకటిన్నర టన్నుల కారు ఎక్కితే దాదాపు 4 సెంటీమీటర్లు మాత్రమే దిగుతుంది. లెక్క ప్రకారం ఇది భయపడవలసిన విషయం కాదు. చిక్కంతా బరువు ఎక్కడ ఉన్నదనే దానితోనే వస్తుంది. అదే కారు ఒక అంచుకు చేరితే ఆ బరువులో అధికభాగం ఒక్క పడవ మీదనే పడుతుంది. ఒడ్డు సమీపించగానే ప్రయాణికులందరూ ముందుకు తోసుకురావడం కూడా ఇటువంటిదే. అందువలన బరువైన వాహనాలను నడుమ నిలిపి, చక్రాలకు చెక్కలు అడ్డుపెట్టి, ద్విచక్ర వాహనాలను చుట్టూ సర్దుతారు.

నడిపే విధానం

పూర్వం లోతు తక్కువైన చోట గెడలతోను, లోతైన చోట తెడ్లతోను, గాలి అనుకూలిస్తే తెరచాపతోను నడిపేవారు. తరువాత డీజిలు ఇంజన్లు వచ్చాయి. ప్రవాహం పంటును దిగువకు నెడుతుంది కనుక రేవుకు సూటిగా కాక, కొంత ఎగువకు ముఖం పెట్టి నడపవలసి ఉంటుంది. పోటు సమయంలో నీరు ఎదురు దిక్కుకు పారుతుంది, అప్పుడు లెక్క తలకిందులవుతుంది. మాఘమాసంలో జరిగే అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి పశ్చిమ గోదావరి నుండి వచ్చే భక్తులతో సఖినేటిపల్లి రేవు కిక్కిరిసి ఉంటుంది.

నియమాలు, ప్రమాదాలు

ఆంధ్ర ప్రాంతంలో రేవుల నిర్వహణకు 1890 నాటి మద్రాసు కాలువలు, ప్రజా రేవుల చట్టం ఆధారం. రేవును వేలం వేసి, పాట దక్కించుకున్నవారికి నిర్ణీత కాలానికి అప్పగించడం వాడుక. పాట మొత్తం రాబట్టుకోవాలన్న తొందర, పరిమితికి మించి ఎక్కించడానికి దారితీసే వీలున్నది. ఇంజను పడవలకు వర్తించే 1917 నాటి దేశీయ జల వాహనాల చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చినది.

గోదావరిపై జరిగిన పడవ ప్రమాదాలు పంటు ప్రయాణికులకూ హెచ్చరికలే. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక వద్ద పడవ బోల్తాపడి విద్యార్థినులు మరణించారు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ అనే పర్యాటక పడవ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఈ రెండూ పంటులు కావు. రెండు పడవల పంటు ఒంటి పడవ అంత తేలికగా బోల్తాపడదు. అయినా బల్ల మీద ఆసరా లేకుండా నిలబడేవారు, వాహనం మీదనే కూర్చుండిపోయేవారు కుదుపుకు నీటిలో పడే ప్రమాదం ఉన్నది.

ధవళేశ్వరం వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీచేస్తారు. వరద పెరిగినప్పుడు అధికారులు పంటు రాకపోకలను ఆపివేస్తారు. 2022 జూలై వరదలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినది.

వంతెనలు

వంతెనలు కట్టిన చోట పంటులు కనుమరుగయ్యాయి. మలికిపురం మండలంలోని దిండిని ఎదుటి ఒడ్డున చించినాడతో కలిపే వంతెన, వైనతేయపై బోడసకుర్రు - పాశర్లపూడి వంతెన, గౌతమిపై ఎదుర్లంక - యానాం వంతెన ఇందుకు ఉదాహరణలు. వీటిలో చివరిదానికి, 2002లో హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి.బాలయోగి పేరు పెట్టారు. సఖినేటిపల్లి - నరసాపురం మధ్య వంతెన కావాలన్నది ఆ ప్రాంతవాసుల దశాబ్దాల నాటి కోరిక. పంటు ఆగిన రోజున సఖినేటిపల్లి నుండి నరసాపురానికి మలికిపురం, దిండి, చించినాడ, పాలకొల్లు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళవలసి ఉంటుంది.