మెఱుపుదీపము – కెమెరాతో దాని పొత్తు



వధూవరులు జీలకఱ్ఱ బెల్లము శిరస్సుల నుంచు గడియ యొక్కటే. దాటిపోయిన యా క్షణము మరల రాదు. పలుమాఱు అది రాత్రివేళనే వచ్చును. దానిని పటమున నిలుపవలెనన్న వెలుతురు కావలయును. ఆ వెలుతురు కెమెరాతో పొత్తు కుదిరి, సరియైన తఱిని వెలుగవలయును. ఈ పొత్తు కుదిరిన చరిత్రము నెఱిగినవాడు తగిన ఫ్లాషును ఎన్నుకొనుటలో మోసపోడు.

మొదట మన సీమ మాట చెప్పెదను. మహబూబునగరమునకు పేరిచ్చిన ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఆస్థానమున రాజా లాలా దీన్‌దయాళ్ అను ప్రసిద్ధ ఛాయాచిత్రకారు డుండెను. ఆయన 1844లో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, 1880 దశకమున సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పెను. 1892లో ఘోషాస్త్రీలకై హైదరాబాదున ప్రత్యేక స్టూడియో తెఱపించెను. 1905లో కీర్తిశేషుడయ్యెను. ఆ కాలపు స్టూడియోలకు చాలవఱకు సూర్యుడే దీపము. ప్రొద్దు క్రుంకినచో పనియు నిలిచిపోవుచుండెను.

1887లో జర్మనీ దేశమున మీథే, గేడికే అను వారిరువురు మెగ్నీషియము పొడిని ఇతర రసాయనములతో కలిపి మెఱుపుపొడి కనిపెట్టిరి. కెమెరా కన్ను తెఱచి, పొడి నంటించి, కన్ను మూయుటయే పద్ధతి. చేతులు కాలినవారును, ప్రాణములు కోల్పోయినవారును కలరు. 1929లో జర్మనీలోనే మెఱుపుబల్బు వచ్చెను. పొగ పోయినది కాని, ఒక్కొక్క బల్బు ఒక్క పటమునకే చాలెడిది. కెమెరా తలుపు తెఱచుకొనుటకును బల్బు వెలుగుటకును కాలము సరిపోవుటకై రెంటిని తీగతో కలుపవలసి వచ్చెను. పొత్తు అను ప్రశ్న ఇచ్చటనే బలపడినది.

1931లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున హెరాల్డ్ ఎడ్జర్టన్ విద్యుత్తు ఫ్లాషును సిద్ధపఱచెను. చెఱువున నిలిచిన నీటిని తూము తెఱచి విడిచినట్లు, కెపాసిటరులో కూడిన విద్యుత్తును వాయువు నింపిన గాజుగొట్టములోనికి ఒక్కమాఱుగా విడుచుటయే దీని కీలకము. సెకనులో మిక్కిలి చిన్న వంతులోనే మెఱుపు ముగియును. నేటి ఫ్లాషులును ఈ మార్గముననే పనిచేయుచున్నవి.

ఇక వెలుతురు కొలతను కెమెరాయే చూచుకొను కాలము వచ్చెను. 1975లో ఒలింపస్ కంపెనీవారి ఓఎం-2 అను కెమెరా, ఫిల్ముపై పడి మరలిన వెలుతురును కొలిచి, చాలినంతనే ఫ్లాషు నాపెడిది. డిజిటల్ కెమెరాలో ఫిల్ము లేదు. అందుచేత సాధారణముగా ముందొక చిన్న మెఱుపు మెఱపించి, దానిని కొలిచి, పిదప అసలు మెఱుపును విడుచుదురు. ఈ సంభాషణకు ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క భాష కల్పించుకొనెను. కానన్ ఫ్లాషు నికాన్ కెమెరాపై గాడిలో ఇమడవచ్చును. మాట మాత్రము కలియదు. చెప్పు పట్టినంతమాత్రమున ఇద్దఱి నడక యొక్కటి కాదు గదా! మినోల్టావారు 1988లో గాడి యాకారమునే మార్చిరి. ఆ వ్యాపారము 2006లో సోనీకి చేరగా, సోనీవారు 2012లో మరల సామాన్యపు గాడికి వచ్చిరి. కానన్‌వారు 2019లో తెచ్చిన 200డి రెండవ రకపు కెమెరాలో గాడి నడిమి చుక్కయే లేదు. ఆ చుక్కపైననే ఆధారపడు ఫ్లాషు దానిమీద వెలుగదు.

పాత ఫ్లాషులలో ఇంకొక గండము కలదు. వానిలో కొన్ని, కెమెరా చుక్కలపై 200 వోల్టులకు మించిన విద్యుత్తును మోపును. ఇనుప మీటల నాటి కెమెరాలు దాని నోర్చినవి. నేటి కెమెరాలలో కొన్ని 250 వోల్టులవఱకు సహించును. కొన్ని అందులో అల్పభాగమును సైతము సహింపవు. అగ్గువకు దొరకెనని కొన్న పాత ఫ్లాషు, దానికి పదింతల వెల గల కెమెరాను చెఱుపవచ్చును.

కట్టంగూరువంటి మన గ్రామములలో పెండ్లి ఫొటోలు తీసి బ్రతుకుదమని మనుమడు సొమ్మడిగినచో, పెద్దలు ఇచ్చుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేయవలయును. ఈ ఫ్లాషు నీ కెమెరా కంపెనీ భాష నెఱుగునా? గాడియు చుక్కలును సరిపోవునా? అది మోపు వోల్టులను నీ కెమెరా పుస్తకము అనుమతించినదా? దాని బలమెంత? ఈ బలమును గైడ్ నంబరు తెలుపును. ఐఎస్ఓ 100 వద్ద ఆ సంఖ్య 36 మీటర్లయినచో, కెమెరా రంధ్రపు సంఖ్య 4 ఉన్నప్పుడు మెఱుపు 9 మీటర్ల వఱకు చాలును. దూరము రెట్టింపయిన వెలుతురు నాలుగవ వంతే చేరునని మఱువరాదు.

కొనుటకు ముందే కెమెరాను దుకాణమునకు కొనిపోయి, పది పటములు తీసి చూడవలయును. మండపమున తెలిసిన లోపమునకు మందు లేదు. ముహూర్తము ఎవరికొఱకును ఆగదు.